మిగులు రెండు లక్షల డెబ్బై వేలు

ఫిబ్రవరి 3

తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమేనా అని అడగక్కర్లేదు, మొన్న కళ్ళారా చూశాను. ఈ ఏటి హాఫ్ మారథాన్ ఛాంపియన్‌షిప్ మీ ఊరికి ఇస్తున్నట్టు సమాఖ్య సమావేశంలో చదివినప్పుడు నీ పక్క కుర్చీలో ఉన్నది నేనే కదా. నువ్వు లేచి వరసగా అందరితో చేతులు కలిపావు. నాతో మాత్రం రెండుసార్లు కలిపావు. ఒకసారి చాలు.

తిరిగి వస్తూ, ఇక జన్మలో నీతో మాట్లాడనని రైల్లోనే మీ వదిన ఎదుట ఒట్టు పెట్టుకున్నాను. ఫోను చేస్తే మాట్లాడినట్టే అవుతుంది. ఉత్తరం రాయనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒకే ఇంటికి ఇద్దరం అల్లుళ్ళం. ఊళ్ళు వేరైనా ఇద్దరం పరుగుల క్లబ్బులకు కార్యదర్శులం. కాబట్టి నిన్ను అభినందించాలి. అభినందిస్తున్నాను. ఇంతకన్నా పొడుగు వాక్యం రావడం లేదు.

నాకు కుళ్ళని మాత్రం అనుకోకు. పోయినేడు ఇదే పోటీ మా ఊళ్ళో ఎంత ఘనంగా చేశానో లోకానికి తెలుసు. ఖర్చులన్నీ పోగా రెండు లక్షల డెబ్బై వేలు మిగిలింది. ఆ లెక్కల నివేదిక నీ ప్రెస్సులోనే అచ్చు వేశావు. అచ్చు బాగానే వచ్చింది. దాని బిల్లు సంగతి తీరిగ్గా చూద్దాం. చెప్పుల కొట్టు నడుపుకునే వాడికే అంత మిగిలితే, చదువుకున్నవాడివి నీకెంత మిగలాలో నువ్వే ఆలోచించుకో.

ఇట్లు,
తోడల్లుడైన పాపానికి,
అన్నయ్య

తా.క. మామగారు ఫోను చేసి "మా చిన్నల్లుడి ఊళ్ళో పోటీలటగా" అని నాకే చెప్పారు. పోయినేడు మా ఊళ్ళో జరిగినప్పుడు మోకాళ్ళ నొప్పులని రాలేదాయన. ఈ ఏడు మోకాళ్ళు పూర్తిగా తగ్గిపోయాయట.


ఫిబ్రవరి 11

పూజ్యులైన అన్నయ్యగారికి,

తమ్ముడి నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మీ అభినందన రెండుసార్లు చదువుకున్నాను, చిన్నదే కాబట్టి శ్రమ అనిపించలేదు. చేయి రెండోసారి కలిపింది పొరపాటున. సంతోషంలో ఎవరి చెయ్యి ఏదో తెలియలేదు.

ఇప్పుడు మీ సాయం కావాలి. సమాఖ్యవాళ్ళు ఆరు లక్షలు హామీ కట్టమన్నారు. పోటీ జరిపించలేక చేతులెత్తేస్తే ఆ డబ్బు వాళ్ళదే. మా క్లబ్బు దగ్గర ఉన్నది లక్షా పదివేలు. మిగతాదానికి నా ఆఫ్‌సెట్ మెషీన్ తాకట్టు పెట్టాను. ఏప్రిల్ ఆఖరుకల్లా అప్పు తీర్చకపోతే మెషీన్ ఎత్తుకుపోతారు. అది పోయాక ప్రెస్సులో మిగిలేవి నేనూ, గోడ గడియారమూ. మీ మరదలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మీ నివేదిక తెచ్చి ఆ రెండు లక్షల డెబ్బై వేల అంకె చూపించాను. అప్పుడు కాస్త మెత్తబడింది. మీ అంకె మీద నమ్మకంతోనే నా మెషీన్ ఒప్పగించాను అన్నయ్యా. అంత ఎలా మిగిల్చారో నాకు కొంచెం విడమరిచి చెప్పండి.

ఇంకో మాట. ఉన్నమాట చెప్తున్నాను, మనసులో పెట్టుకుంటే జీర్ణం కాదు. మీ ఇంట్లో కర్టెన్లకు కూడా పతకాలు కుట్టారటగా. గాలికి ఎగరకుండా ఉంటాయని ఒక్కో కర్టెనుకు ఆరేసి కుట్టించిందట వదిన. మీ మరదలు ఫోను పెట్టేసి వచ్చి మా కర్టెన్ల వంక ఒక చూపు చూసింది. ఆ తర్వాత నా వంక చూసింది. మా ఇంట్లో మనుషులకే పతకాల్లేవు.

ఇట్లు,
మీ ఆదరణ కోరే
తమ్ముడు

తా.క. బిల్లుకు తొందరేమీ లేదు. అంత డబ్బున్నవాళ్ళకు చిన్న చిన్న అంకెలు గుర్తుండవని మాకు తెలుసు.


ఫిబ్రవరి 18

తమ్ముడికి,

ఆశీస్సులు. సలహా అడిగావు కాబట్టి చెప్తున్నాను. లేకపోతే నాకేం పని.

ఛాంపియన్‌షిప్‌కు వచ్చే అసలు వీరులు పైసా ఇవ్వరు. ముప్పై ఎనిమిది జట్లకూ గది, భోజనం, బస్సు, ఆఖరికి కాలు బెణికితే కట్టు, అంతా పోటీ పెట్టినవాడిదే. డబ్బు కట్టేది వాళ్ళ వెనకాల ఆయాసపడుతూ వచ్చే మామూలు జనం. ఆ జనాన్ని ఎంతమందిని పోగేస్తే నీకంత. వాళ్ళు రాకపోతే కంపెనీలవాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. ఇది నిజమైన సలహా, దాచుకో.

ఇక మర్యాదల సంగతి. మేం క్రీడాకారులకు ఒక్కొక్కరికి ఒక్కో గది ఇచ్చాం. రెండేసి తువ్వాళ్ళు. పతకం నూట ఎనభై గ్రాములు. మీరు అంతకు తగ్గితే జనం పోల్చి చూస్తారు. నేను పోల్చను. జనం పోలుస్తారు. నీ పరువు నా పరువు వేరు కాదు కదా, అందుకని ముందే చెప్తున్నాను.

కర్టెన్ల సంగతంటావా, అవి ముందుచూపుతో ఎక్కువ చేయించిన పతకాలు. పరిగెత్తినవాళ్ళందరికీ ఇచ్చాక ఇంకా పద్నాలుగు వందలు ఉన్నాయి. మేం ఏదైనా ధారాళంగానే చేస్తాం. టీషర్టులు కూడా అంతే. ఒకటే పెద్ద సైజు, చౌకగా వస్తే మొత్తం కొనేశాను. ఇప్పుడు మా ఇంట్లో దిండు గలీబులు అవే, నేల తుడిచేదీ వాటితోనే. మీ వదినకు గుడ్డ కొనే అవసరమే లేదు.

ఇట్లు,
అనుభవజ్ఞుడైన
అన్నయ్య

తా.క. కొట్టుకు మధ్యలో చెక్క గోడ పెట్టించి, సగం భాగంలో తాళాలు బాగుచేసే అతన్ని కూర్చోబెట్టాను. అద్దె కోసం కాదు. ఒక్కణ్ణే కూర్చుంటే తోచడం లేదు.


మార్చి 8

పూజ్యులైన అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను, కొన్నిటిలో మిమ్మల్ని దాటాను కూడా. ఒక్కొక్కరికి ఒక్కో గది, మూడేసి తువ్వాళ్ళు. జట్లన్నిటికీ ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేశాను. పతకం రెండు వందల పది గ్రాములు. నమూనా రాగానే మెడలో వేసుకుని చూశాను. తల దానంతటదే కిందికి వంగింది. చూసేవాళ్ళకు వినయంలా కనిపిస్తుంది, బాగానే ఉంది.

ఖర్చు తగ్గించడానికి క్రీడాకారుల నంబర్లు నేనే అచ్చు వేశాను. ఒకటి ఛాతీకి తగిలించుకుని మా వీధి చివరిదాకా పరిగెత్తాను. చెమటకు కాగితం కరిగిపోయింది గానీ నంబరు పోలేదు, చొక్కా మీద దిగింది. చొక్కా విప్పితే ఒంటి మీద కూడా ఉంది. మీ మరదలు నన్ను నూట నాలుగు అని పిలుస్తోంది. మళ్ళీ మంచి కాగితం కొన్నాను.

దారి కొలిచే ఆయన వచ్చి వెళ్ళాడు. చక్రానికి మీటరు కట్టిన సైకిలెక్కి తెల్లారుజామున కొలిచాడు. ముందూ వెనకా పోలీసులు. ఆయన గది, భోజనం, రైలు చార్జీ మనవే. అంతా కొలిచి, నూట నలభై మీటర్లు తక్కువొచ్చిందన్నాడు. ఆ నూట నలభై మీటర్ల కోసం దారిని ఇంకో వీధిలోకి తిప్పాం. ఆ వీధిలో బస్ డిపో ఉంది. ఆ ఉదయం ఆగిపోయే ముప్పై ఒక్క బస్సులకు నష్టం కట్టమని డిపో మేనేజరు చీటీ ఇచ్చాడు. ఎదురుగా ఉన్న మంగలి కూడా, తలలు రావు కాబట్టి తనకూ నష్టమేనన్నాడు. ఎన్ని తలలు పోతాయని అడిగితే ఆదివారం కదా, నలభై అని రాసిచ్చాడు. లోపల నాలుగు కుర్చీలు కూడా లేవు.

మామగారు జెండా ఊపి పోటీ మొదలుపెడతానని ఒప్పుకున్నారు. సూటు కుట్టిస్తున్నాను. తీసుకురావడానికి కారు కూడా మాట్లాడాను.

ఇట్లు,
మీ అడుగుజాడల్లో నడిచే
తమ్ముడు

తా.క. తాళాలతని సంగతి చదివాక ఆ పూట నాకు అన్నం సయించలేదు. వ్యాపారం ఏ స్థాయికి వెళితే మనిషి కబుర్ల కోసం సగం కొట్టు వదులుకుంటాడు. నేను మెషీన్ పక్కన కుర్చీ వేసుకోవడానికే చోటు వెతుక్కుంటున్నాను.


మార్చి 14

తమ్ముడికి,

మూడు తువ్వాళ్ళెందుకు. మనిషికి ఉండేది ఒక్క ఒళ్ళు.

మామగారికి సూటా. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నా కొట్టుకు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నాలుగు జతలు వేసి చూసుకుని, కాలికి కరుస్తున్నాయని వెళ్ళిపోయారు. మా ఊళ్ళో పోటీ జరిగిన రోజు ఫోను చేసి "బాగా చెయ్యి" అన్నారు. ఆ రెండు ముక్కలే నాకు సూటూ కారూ. నీ దగ్గర జెండా ఊపుతారట. నాకు కడుపు మండుతోంది. రాసేశాను, ఇక కొట్టెయ్యను, కాగితం పాడవుతుంది.

సరే, పెద్దరికం నాది కాబట్టి చెప్తున్నాను. మా పోటీని పైనుంచి ఎగిరే కెమెరాలు రెండు తీశాయి. మీరు నాలుగన్నా పెట్టకపోతే బాగుండదు. బహుమతి సొమ్ము కూడా మాకన్నా తక్కువని తెలిస్తే మంచి క్రీడాకారులు రారు.

ఇట్లు,
పెద్దల్లుడు
(ఎవరికైనా గుర్తుంటే)

తా.క. కారు తీసేశాను. సైకిల్ మీద తిరుగుతున్నాను. ఆరోగ్యానికి మంచిదని. అయిదు కిలోలు తగ్గాను. మా మరదలికి ఎవరైనా చెప్పకముందే నేనే చెప్తున్నాను.


మార్చి 25

పూజ్యులైన అన్నయ్యగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులుగా కలం తీసి పెడుతున్నాను.

నాలుగు వేలమంది డబ్బు కట్టి పరిగెత్తుతారనుకున్నాను. ఇప్పటికి ఏడు వందల ముప్పై మంది పేర్లిచ్చారు. అందులో మా క్లబ్బువాళ్ళు అరవై మంది, వాళ్ళు డబ్బివ్వరు. పరుపుల కంపెనీ అయిదు లక్షలిస్తానంది. బ్యానర్లన్నీ వాళ్ళ పేరుతో అచ్చు వేసేశాక, ఈ ఏడు నగదు కష్టం, సరుకు ఇస్తామన్నారు. నూట ఇరవై పరుపులు దింపి వెళ్ళారు. ప్రెస్సు నిండా నిలబెట్టాం. మెషీన్ దగ్గరికి పోవాలంటే వాటి మీదుగా దొర్లుకుంటూ పోవాలి. నిన్న బిల్లు పుస్తకాల కోసం వచ్చిన స్కూలు గుమస్తా ఒకదాని మీద కూర్చుని నిద్రపోయాడు.

పోలీసు బందోబస్తుకు, బారికేడ్లకు ముందే కట్టాలి. కట్టకపోతే దారి మూయరు. దారి మూయకపోతే పోటీ లేదు. పోటీ లేకపోతే హామీ పోయినట్టే, మెషీన్ పోయినట్టే. పన్నెండేళ్ళు ఆ మెషీన్ మాకు అన్నం పెట్టింది అన్నయ్యా. దాని చప్పుడు ఆగితే మా పాపకు మెలకువ వచ్చేస్తుంది.

అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీకు మిగిలిన రెండు లక్షల డెబ్బై వేలలో రెండు లక్షలు నాకు సర్దండి. ఆ డెబ్బై వేలు మీ అవసరాలకు ఉంచుకోండి. ఏడాదిలో తీర్చేస్తాను.

ఇట్లు,
మీ మీదే ఆశ పెట్టుకున్న
తమ్ముడు

తా.క. మీరు సన్నబడ్డారని వదిన ఫొటో పంపిందట. అది చూసి నేనూ సైకిలెక్కాను, మీకన్నా ఒక కిలో ఎక్కువ తగ్గాలని. మూడో రోజు డిపో ముందు పడ్డాను. ముప్పై ఒక్క బస్సుల్లో ఒకటి ఆగింది. దానికి మాత్రం నష్టం అడగలేదు.


మార్చి 29

తమ్ముడికి,

తెలిసిపోయిందన్నమాట. ఎవరు చెప్పారో కూడా నాకు తెలుసు, చెక్క గోడకు చెవులుంటాయి. తెలిస్తే తెలిసింది. పెద్దవాణ్ణని జాలిపడి ఊరుకోవాలి. అలా కాకుండా ఆ అంకెను అక్షరాలా రాసి, రెండు లక్షలు సర్దమని అడుగుతావా. పైగా "డెబ్బై వేలు మీ అవసరాలకు ఉంచుకోండి" అంటావా. ఇంత తీరిగ్గా, ఇంత మర్యాదగా నన్నెవరూ వెక్కిరించలేదు.

నా దగ్గర డబ్బు లేదు. ఉన్నా ఇవ్వను. ఇక నాకు రాయకు.

ఇట్లు,
నువ్వు అన్నయ్య అని పిలవాల్సిన అవసరం లేని
ఒక చెప్పుల వ్యాపారి

తా.క. ఆ డెబ్బై వేల వాక్యం మీ వదినకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. పెళ్ళయ్యాక నా మాటకు ఎన్నడూ అంత నవ్వలేదు. అది కూడా నీ ఖాతాలోనే వేసుకుంటున్నాను.


ఏప్రిల్ 2

చెప్పుల కొట్టు యజమానిగారికి,

మీ ఉత్తరంలో సగం నాకు అర్థం కాలేదు. చెక్క గోడ చెవులేమిటో, వెక్కిరింపేమిటో తెలియలేదు. "ఉన్నా ఇవ్వను" అన్నది మాత్రం స్పష్టంగా అర్థమయింది. డబ్బు మనిషిని మారుస్తుందని వింటూ ఉంటాం. మన ఇంట్లోనే చూస్తాననుకోలేదు.

దీనికి తోడు, నా లెక్కలన్నీ బూటకమని, నాకు పోటీ జరిపే స్తోమత లేదని సమాఖ్యకు ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. అది చూసి వాళ్ళ కోశాధికారిగారు ఎల్లుండి తనిఖీకి వస్తోందట. అరవై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని పెన్సిలుతో ఒక్కో అంకెనూ పొడుస్తుందని చెప్తున్నారు. ఆ ఉత్తరం రాసినవాడెవడో గానీ వాడి కడుపులో ఎంత కుళ్ళుందో. మామగారైతే వాణ్ణి పట్టుకుంటే జెండా కర్రతో నాలుగు తగిలిస్తానన్నారు.

అప్పిచ్చినవాళ్ళ మనిషి నిన్న వచ్చాడు. మెషీన్ పొడుగూ వెడల్పూ టేపుతో కొలుచుకుని, లారీలో పడుతుందని చెప్పి వెళ్ళాడు. మీ మరదలు వాడికి మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళి ఏడ్చింది. నాకు ఏడవడానికి కూడా చోటు లేదు, పరుపులు అడ్డం.

ఇట్లు,
ప్రెస్సు యజమాని
(ఈ నెలాఖరు వరకు)

తా.క. మీ పోయినేటి నివేదిక అచ్చు వేసిన బిల్లు జతచేశాను. పదకొండు వేల నాలుగు వందలు. తీరిక చూసుకోకుండా పంపండి.


ఏప్రిల్ 6

తమ్ముడికి,

మెషీన్‌ను టేపు పెట్టి కొలిచాడని చదివాక నేను కొట్టు తియ్యలేదు. చెక్క గోడ ఇవతల కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. అవతల తాళాలతను ఆకురాయితో గీస్తున్నాడు. నాకు ఆ మనిషన్నా ఆ చప్పుడన్నా పరమ చిరాకు. అతను కబుర్ల కోసం లేడు. అద్దె కోసమే ఉన్నాడు.

నాకు ఏమీ మిగల్లేదు తమ్ముడూ. నాలుగు లక్షల పైన నష్టం వచ్చింది. కంపెనీలవాళ్ళు ఇస్తామన్నదంతా వచ్చేసినట్టే నివేదికలో రాశాను. వాళ్ళు ఇవ్వలేదు. గోదాంలో పడున్న పతకాలకూ టీషర్టులకూ కొన్న ధర కట్టి ఆస్తుల్లో చూపించాను. అలా వచ్చింది రెండు లక్షల డెబ్బై వేలు. సమాఖ్య మెచ్చుకోవాలని రాయలేదు. ఆ నివేదిక మామగారు చదువుతారని రాశాను. ఆయన అది తెరవకుండానే వేడి గిన్నె కింద పెట్టుకున్నారట, అది వేరే సంగతి.

ఒక్కొక్కరికి ఒక్కో గది అబద్ధం. ఒక స్కూల్లో గదికి పన్నెండు మందిని పడుకోబెట్టాం. తువ్వాళ్ళు అసలే లేవు. ఎగిరే కెమెరా ఒకటే, అది కూడా చెరువులో పడింది. కారు అమ్మేశాను. అయిదు కిలోలు దిగులుతో తగ్గాను. మీ వదిన చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. పాపం, ఆవిడ ప్రతి ఫోనులోనూ గొప్పలు పోవాల్సి వచ్చింది. నువ్వు రెండు లక్షలు అడిగితే, అంతా తెలిసి ఆడిస్తున్నావనుకున్నాను. నీకేమీ తెలియదని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఆ ఆకాశరామన్నను నేనే. సూటు సంగతి చదివిన రోజు ఎడమ చేత్తో రాశాను. రాసి డబ్బాలో వేశాక, తిరిగి చేతికొస్తుందేమోనని వేళ్ళు పెట్టి చూశాను. రాలేదు. నీ పోటీ పాడవాలనుకున్నాను, నీ మెషీన్ పోవాలని మాత్రం అనుకోలేదు. ఆ రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. నన్ను తిట్టు, పడతాను.

ఇప్పుడైనా నా మాట విను. గదికి నలుగురిని పెట్టు. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళనే తెచ్చుకోమను. కెమెరాలు వద్దు. పతకాలు మా ఇంటి నుంచి పంపిస్తాను, మీ వదిన కర్టెన్లు విప్పుతోంది. తేదీ ఒకటే చెరిపించాలి. ఏదో ఒకలా బయటపడు. నా కొట్టు మిగిలిన సగం కూడా బ్యాంకు తాకట్టులోనే ఉంది, లేకపోతే దాన్ని అమ్మి పంపేవాణ్ణి. ఇంకొక్క అప్పు చేస్తే ఈ కుర్చీ కూడా నాది కాదు. మళ్ళీ బారికేడ్ అన్న మాట చెవిన పడితే నేనే ఇరవై ఒక్క కిలోమీటర్లూ పరిగెత్తి ఊరు దాటేస్తాను.

ఇట్లు,
మొహం చెల్లని
అన్నయ్య

తా.క. బిల్లు డబ్బు పదకొండు వేల నాలుగు వందలు ఇందులో పెట్టాను. తాళాలతని దగ్గర మూడు నెలల అద్దె ముందే తీసుకున్నాను. అన్నీ చిన్న నోట్లే ఇచ్చాడు.


ఏప్రిల్ 8

పూజ్యులైన అన్నయ్యగారికి,

తమ్ముడి పాదాభివందనాలు. నా పోయిన ఉత్తరం చించేయండి. చెప్పుల కొట్టు యజమానిగారు అని రాసినందుకు మీ మరదలు నన్ను చెడామడా తిట్టింది. మీ మార్చి 29 ఉత్తరాన్ని మళ్ళీ తీరిగ్గా చదివాను. మీ కోపం డబ్బు గురించి కాదు. మీరు అంత బాగా నిలబెట్టిన పోటీని సమాఖ్యవాళ్ళు మీ చేతుల్లోంచి తీసుకొచ్చి నా చేతుల్లో పెట్టారు. నేను దాన్ని పాడు చేస్తూ, పైగా మిమ్మల్నే డబ్బడిగాను. ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

నేనూ ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు మీరంటే పదేళ్ళుగా కుళ్ళు. కొట్టు చూసి, కారు చూసి, కారు వదిలేస్తే ఆ సైకిలు చూసి. మూడో తువ్వాలు క్రీడాకారుల కోసం కాదు, మీ కోసం. ఈ పోటీ కూడా పరుగు మీద ప్రేమతో అడగలేదు, మీకు మిగిలిందంటే నాకూ మిగలాలని అడిగాను. ఈ మాట రాశాక ఒళ్ళు తేలికపడింది.

ఇక శుభవార్త. కోశాధికారిగారు వచ్చింది. పరుపుల మధ్య కూర్చుని నా లెక్కలు అరగంట చూసింది. పెన్సిలు పక్కన పెట్టి, "బాబూ, ఇది నీవల్ల కాదు" అంది. అప్పుడు ఆవిడే చెప్పింది, ఇంకో ఊరు ఈ పోటీని నెత్తినెత్తుకుంటే నా హామీ మొత్తం వెనక్కిస్తారట. ఏ ఊరు అని అడిగింది. నేను లేచి మీ నివేదిక తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

అన్నయ్యా, ఆవిడ ముఖం మీరు చూసి ఉండాల్సింది. రోడ్డు పరుగు పెట్టి డబ్బు మిగిల్చిన ఊరు సమాఖ్య చరిత్రలో ఇదొక్కటేనంది. పైగా మీ పోయినేటి ఒప్పంద పత్రంలో ఒక షరతు చూపించింది. మిగులు చూపించిన ఊరు మరుసటి ఏడాదంతా అవసరమైతే పోటీ చేపట్టడానికి సిద్ధంగా ఉండాలట. కింద మీ సంతకం, ఎంత గుండ్రంగా ఉందో. ఆవిడ అక్కడికక్కడే రాసేసింది. జూన్ మొదటి ఆదివారం మీ ఊళ్ళోనే. నా ఆరు లక్షలూ నిన్ననే వచ్చాయి, మెషీన్ విడిపించాను. పొద్దున్నుంచి ఆపకుండా తిప్పుతున్నాను, అచ్చు వేయడానికేమీ లేకపోయినా. ఆ ఆకాశరామన్న ఎవరో గానీ, కనిపిస్తే కాళ్ళు కడుగుతాను.

మీ తరఫున కొన్ని మాటలు నేనే ఇచ్చేశాను, మీరు ఏమీ అనుకోరని. సమాఖ్య ఇచ్చే లక్షన్నర సాయం మీకు అక్కర్లేదని చెప్పాను. గది, తువ్వాళ్ళ సంగతి జట్లకు ముందే రాసి ఉన్నాం కాబట్టి మీరు నిలబెట్టుకోవాలి, మీకది కొత్త కాదు. ఆరు లక్షల హామీ పదిరోజుల్లో కట్టాలి. పరుపులు లారీకెత్తించాను, కిరాయి దింపుకున్నాక ఇవ్వండి. మామగారు సూటుతో సహా మీ ఊరే వస్తున్నారు. "మా పెద్దల్లుడు అసాధ్యుడు" అని నిన్న నాతోనే అన్నారు. నాకు కొంచెం కలుక్కుమంది. కొంచెమే.

ఇట్లు,
మీ సొమ్ము మీకప్పగించిన
తమ్ముడు

తా.క. ఇది అంటిస్తుండగా మీ ఉత్తరం వచ్చింది. కవరు లావుగా ఉంది. సమాఖ్యవాళ్ళు మీకు ముందే చెప్పేసినట్టున్నారు, సంతోషం పట్టలేక పేజీలు పేజీలు రాసి ఉంటారు. మీ మరదలు ఇప్పుడే చింపి చదవమంటోంది. ముందు ఇది పోస్టులో వేసి వస్తాను.